మూడో గడి

మా ఆదివారం బడి పిల్లలు నాకు పెట్టిన పేరు తేదీల తాతయ్య. ఎదురుగా అనరు, మెట్ల కింద చేరి అనుకుంటారు. నాకు వినబడుతుందని వాళ్ళకీ తెలుసు. కోప్పడడానికి లేదు, పేరు చక్కగా కుదిరింది. సంఘంలో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు మారుమనస్సు పొందారో, ఎప్పుడు నీళ్ళలో మునిగి లేచారో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళు సంఘ కార్యదర్శిగా ఉన్నాను. పగలు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. కొట్టు కొట్టుకీ తిరిగి త్రాసులూ రాళ్ళూ తనిఖీ చేసి ముద్ర వేసేవాణ్ణి. సాయంత్రాలు మందిరంలో రిజిస్టరు ముందు కూర్చునేవాణ్ణి. రెండు చోట్లా నా పని ఒకటే అనుకునేవాణ్ణి: తక్కువ తూగినదాన్ని పక్కన పెట్టడం.

అలా నేను పక్కన పెట్టినవాళ్ళలో మా అక్క ఒకతి. ఆవిడకి నేను చేసిన అన్యాయం గురించే ఇదంతా రాస్తున్నాను. చివర్లో ఏదో సర్దుబాటు జరిగి ఉంటుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

మాది చిన్న సంఘం. నూరేళ్ళ కింద ఒక మంత్రసాని తన ఇంటి ముందుగదిలో మొదలుపెట్టింది. పురుడు పోయడానికి ఏ ఇంటికి వెళ్ళినా, తల్లీ బిడ్డా కుదుటపడ్డాక మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి, రెండు మంచి మాటలు చెప్పి వచ్చేదట. అదే మా సువార్త సేవకి ఆరంభం. ఇప్పటికీ మావాళ్ళు మైకులు పెట్టరు. రోగి ఉన్న ఇంటికీ, పురిటి ఇంటికీ, చావు ఇంటికీ వెళ్ళి పని చేసి వస్తారు. అడిగితేనే చెబుతారు.

రక్షణ దేవుడి కృపవల్లే తప్ప మన గొప్పవల్ల రాదని మా నమ్మకం. చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వం. తెలివి వచ్చాక, తన నోటితో సాక్ష్యం చెప్పి, నిండా మునగాలి. మునిగినవాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. మునిగిన రోజు వేసుకున్న తెల్లంగీని ఉతికి పెట్టెలో దాచుకుంటాం. మట్టిలోకి వెళ్ళే రోజున అదే తొడుగుతారు. ఇవన్నీ మంత్రసాని అమ్మగారు పెట్టిన పద్ధతులే.

ఇక రిజిస్టరు. అందులో నాలుగు గడులు. పేరు, పుట్టిన తేదీ, రక్షణ పొందిన తేదీ, బాప్తిస్మం తేదీ. మూడో గడి నిండితే గానీ నాలుగో గడి జోలికి వెళ్ళకూడదు. ఏ రోజున నీ బతుకు మారింది, ఆ రోజు చెప్పు అంటాం. చెప్పలేకపోతే ఇంకా మారలేదని లెక్క. నాకు ముందు కార్యదర్శి మా నాన్న. ఆయన ఈ విషయంలో గుండుసూది మొన కూడా దూరనిచ్చేవాడు కాదు.

నాకు పదహారు, అక్కకి పద్దెనిమిది. ఇద్దరం ఒకే రోజు నాన్న బల్ల ముందు నిలబడ్డాం. ఇంట్లో నాన్నే, కానీ ఆ బల్ల వెనక కూర్చుంటే పరాయివాడైపోయేవాడు.

"రక్షణ పొందిన రోజు చెప్పు," అన్నాడు నన్ను చూసి.

"వేసవి కూడికలు, మూడో రోజు," అన్నాను. తడుముకోలేదు. నాన్న కళ్ళలో మెరుపు చూశాను. వెంటనే రాసుకున్నాడు.

అక్కని అడిగాడు. "రోజు తెలీదు నాన్నా. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ నమ్ముతూనే ఉన్నాను. నమ్మని రోజేదో గుర్తుంటే కదా, నమ్మిన రోజు చెప్పడానికి."

నాన్న కలం మూత పెట్టేశాడు. "అయితే ఇంకా ఆగాలమ్మా."

ఆ పూట ఇంటికి వచ్చి అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. నా తెల్లంగీ తనే కుట్టింది. మునిగినప్పుడు అంగీ నీళ్ళ మీద తేలకుండా అంచు మడతలో బరువులు పెట్టాలి. సీసపు బిళ్ళలు దొరక్క ఆరు ఇనప వాషర్లు పెట్టి కుట్టింది. "ఇంకా పొడుగవుతావు," అని అంచు మడత జానెడు వదిలింది. ఒక్క మాట తేడాగా అనలేదు.

ఎందుకు అనలేదో నాకు తెలుసు. అందుకే ఆ రోజు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. వేసవి కూడికల మూడో రోజు నేను చేసిన ఘనకార్యం నిద్రపోవడం. ప్రసంగం సాగుతూ ఉంటే చాప మీద ఒరిగిపోయాను. మారుమనస్సు పొందినవాళ్ళు ముందుకు రండి అని పిలిస్తే జనం లేచి వెళ్తున్నారని అక్క నా తొడ మీద గిల్లి లేపింది. ఎందుకు లేపిందో, జనం ఎక్కడికి వెళ్తున్నారో తెలియకుండానే లేచి వాళ్ళతో నడిచాను. నాకు మార్పూ లేదు, మెరుపూ లేదు. నిజం చెప్పాలంటే నాకూ అక్కలాగే చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకమే తప్ప వేరే రోజంటూ లేదు. అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను గడికి సరిపోయేది చెప్పాను.

తర్వాత అక్కకి పెళ్ళయింది, వెళ్ళిపోయింది. నలభై దాటీ దాటకుండానే బావ పోతే, చేతికందిన కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. మందిరం వెనక వీధిలో మేడ మీద ఒక గది తీసుకుని కుట్టుపని మొదలుపెట్టింది. అప్పటికి నాన్న పోయాడు. బల్ల వెనక నేను కూర్చున్నాను.

ఒక సాయంత్రం వచ్చి ఎదురుగా నిలబడింది. "మళ్ళీ అడుగుదామని వచ్చాను రా."

ఆవిడంతట ఆవిడ వచ్చి మళ్ళీ అడగడం ఎంత కష్టమో నాకు అప్పుడు తట్టలేదు. రిజిస్టరు తెరిచి, కలం తీసి, అచ్చం నాన్న గొంతుతో అడిగాను.

"రోజు తెలీదు," అంది. "అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. మీ బావ పోయినప్పుడు కూడా ఉన్న నమ్మకం పోలేదు. అది చాలదా?"

"ఏదో ఒక తేదీ చెప్పక్కా," గొంతు తగ్గించి అన్నాను. "పెళ్ళి రోజో, పిల్ల పుట్టిన రోజో. రాసేసుకుంటాను. ఎవరు చూడొచ్చారు?"

"దేవుడి దగ్గర దొంగ తేదీ ఎందుకురా?" అంది.

ఆ ప్రశ్న నాకెక్కడ తగలాలో అక్కడే తగిలింది. అర్థం కానట్టు నటించాను. "నియమం నియమమే. నా చేతుల్లో ఏముంది?" అన్నాను. కలం నా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత అక్క ఇంకెప్పుడూ అడగలేదు. అలిగి మానేసిందా అంటే అదీ లేదు. ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో గోడవారగా కూర్చునేది. బాప్తిస్మం లేనివాళ్ళ బెంచీ అది. రొట్టె పళ్ళెం దాని ముందు బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ముప్పై అయిదేళ్ళలో సంఘంలో మునిగిన ప్రతివాళ్ళకీ తెల్లంగీ కుట్టింది అక్కే. మనిషిని ఒకసారి చూస్తే చాలు, టేపు అక్కర్లేకుండా కొలత చెప్పేది. మా శాఖలో పనికిరావని పక్కన పడేసిన సీసపు బిళ్ళలు అడిగి తెచ్చి ఇచ్చేవాణ్ణి. "నీ ఉద్యోగం వల్ల ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం కనబడింది," అని నవ్వేది. మూడు వందల పై చిలుకు అంగీలు కుట్టింది. అందులో తనది ఒక్కటీ లేదు. నేను బాగా గర్వపడేవాణ్ణి, సొంత అక్కనైనా మినహాయించలేదని. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ ఏడాది సంఘానికి నూరేళ్ళు. మంత్రసాని అమ్మగారు రక్షణ పొందిన మార్చి పదిహేడునే మేము సంఘం పుట్టినరోజుగా లెక్క పెట్టుకుంటాం. అదృష్టం కొద్దీ ఆ తేదీ ఆదివారం పడింది. శతాబ్ది పుస్తకం రాసే పని నాకే అప్పజెప్పారు. మా నమ్మకాలు, మా సేవ, మా వారసత్వం అని మూడు భాగాలు. మూడో భాగం మొదటి వాక్యమే మార్చి పదిహేడు. పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయింది. అట్ట మీద వేయడానికి అమ్మగారి చేతిరాత ఫోటో ఒకటి కావాలని పాస్టరుగారు అడిగారు. ఆయన కుర్రవాడు, నా కొడుకు వయసు ఉంటుంది.

అమ్మగారి నోటుపుస్తకం ఒక రేకు పెట్టెలో ఉండేది. కాగితం పొడిపొడిగా రాలిపోతుందని, తెరవకూడదని నాన్న మాట. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ మాట జవదాటలేదు. పండగకి పదకొండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, మందిరంలో ఎవరూ లేనప్పుడు తెరిచాను. కాగితం రాలలేదు. గట్టిగానే ఉంది.

సగం పుస్తకం పురుళ్ళ వివరాలు. రెండో సగంలో మొదటి నలభై మంది విశ్వాసులు. పేర్లు ఉన్నాయి, మునిగిన రోజులు ఉన్నాయి. రక్షణ తేదీలు లేవు. ఒక్కరికీ లేవు. మా పెద్ద రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టి చూశాను. అందులో మొదటి నలభై మందికీ తేదీలు ఉన్నాయి, వరసగా, ఒకే సిరాతో, నాన్న చేతిరాతలో. ఖాళీ గడి చూస్తే నాన్నకి నిద్ర పట్టేది కాదు. ఆ జబ్బే నాకూ వచ్చింది.

మార్చి పదిహేడు ఎక్కడినుంచి వచ్చిందో అని పేజీలు తిప్పాను. పురుళ్ళ భాగంలో దొరికింది. "మార్చి పదిహేడు. కవలలు. ఇద్దరూ ఏడ్చారు." అంతే రాసి ఉంది. మేము ఇన్నేళ్ళుగా చేసుకుంటున్న పండగ ఎవరో ఇద్దరు పిల్లలు పుట్టిన రోజు.

తన పేరు ఎదురుగా అమ్మగారు నాలుగు వరసలు రాసుకుంది. "నా చేతులతో ఎనిమిది వందల మంది బిడ్డలని అందుకున్నాను. తాను పుట్టిన గడియ వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. పక్కన ఉన్నదాన్ని కనుక నాకు తెలుసు. నేను ఎప్పుడు తిరిగి పుట్టానో నాకు తెలియదు. ఏడుపు వినబడితే పక్కన ఉన్నవాళ్ళు అందుకోవాలి."

పక్కన ఉన్నవాణ్ణి నేను. పుట్టినప్పటినుంచీ అక్క పక్కనే ఉన్నాను. రోగుల ఇళ్ళలో ఆవిడ చేసిన చాకిరీ చూశాను, బావ శవం పక్కన ఆవిడ చేసిన ప్రార్థన విన్నాను. అందుకోవలసిన చేతులతో కలం మూత పెట్టాను.

నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని సరాసరి అక్క గదికి వెళ్ళాను. అప్పటికి ఆవిడకి గుండె జబ్బు ముదిరింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా మిషను మీద ఏదో అంగీ ఉంది. చదివి వినిపించాను. మిషను ఆపి వింది. రెండోసారి చదవమంది. చదివాను.

"మంచి మనిషి," అంది చివరికి. "నాన్నకి ఇది తెలుసంటావా?"

"తెలుసు కాబట్టే తెరవద్దన్నాడు."

"పాపం, ఎంత భయపడి ఉంటాడో," అంది. ఆవిడకి నాన్న మీద జాలి వేసింది. నాకు కోపం వచ్చింది.

అప్పుడు చెప్పాను. "అక్కా, వేసవి కూడికలు మూడో రోజు..."

"నిద్రపోయావు. నేనే కదా గిల్లి లేపింది." నవ్వింది. "యాభై నాలుగేళ్ళకి లేచావన్నమాట."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కూడా చివరి బెంచీకి వచ్చేవాడివి. ఇద్దరం అక్కడ కూర్చుని ఏం చేస్తాం?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, నేను అడగకుండానే అంది, "ఇప్పుడు నీళ్ళలో మునిగే ఓపిక లేదురా. ఒక్క ఆదివారం ఆ రొట్టె ముక్క ఇస్తే చాలు. చేతికి ఇవ్వు, మిగతాది నేను చూసుకుంటాను."

ముప్పై అయిదేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక. వెంటనే సరే అని ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

"పండగ అయిపోనీ అక్కా," అన్నాను. "పుస్తకం అచ్చుకి వెళ్ళింది. పై ఊళ్ళనుంచి జనం వస్తున్నారు. మార్చి పదిహేడు అబద్ధం అని ఇప్పుడు చెప్తే గొడవైపోతుంది. తర్వాతి ఆదివారం పెద్దలందర్నీ కూర్చోబెట్టి, పద్ధతిగా..."

"పద్ధతిగానే కానీ," అంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పండగ రోజు మందిరంలో కాలు పెట్టే చోటు లేదు. పాటలు దద్దరిల్లాయి. పాస్టరుగారు నా చేత పుస్తకం ఆవిష్కరింపజేశారు. మూడో భాగం మొదటి పేజీ గట్టిగా చదివాను. మార్చి పదిహేడు అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. నా గొంతు వణకలేదు. అలవాటైన గొంతు.

ఆ తర్వాత ప్రభువు బల్ల. ఎప్పటిలాగే ఎడమ వైపు వరసలకి రొట్టె పళ్ళెం నేను తీసుకెళ్ళాను. ఒక్కో బెంచీ దాటి చివరి బెంచీకి ముందున్న బెంచీ దాకా వచ్చాను. అక్క గోడవారగా కూర్చుని ఉంది. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది ఆ రోజు, మనవరాలి భుజం పట్టుకుని. ఒళ్ళో కుడి చెయ్యి వెల్లకిలా పెట్టుకుంది. చాచలేదు. ఊరికే తెరిచి పెట్టుకుంది, ఎవరైనా చూస్తే చేతిని అలా ఉంచుకుందనుకుంటారు తప్ప అడుగుతోందనుకోరు.

పళ్ళెంలో ముక్కలు ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే చాలు. పై ఊళ్ళవాళ్ళు చూస్తున్నారు, పెద్దలు చూస్తున్నారు. వచ్చే ఆదివారం అనుకున్నాను. నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి.

కూడిక అయ్యాక మెట్ల దగ్గర కనబడింది. "ఏంరా, మోకాళ్ళ నొప్పులా?" అంది. "ఇంకో నాలుగడుగులేగా." ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే నా మోకాళ్ళ గురించి అడిగినట్టు అంది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

గురువారం పొద్దున్న మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ లేవట్లేదు," అంది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్క మొహం ప్రశాంతంగానే ఉంది. గదిలో మిషను మీద సగం కుట్టిన అంగీ ఉంది, ఎవరి కొలతో.

మధ్యాహ్నానికి పాస్టరుగారు వచ్చారు. మేనకోడలు నన్ను పక్కకి పిలిచింది. "ఏం తొడగాలి మామయ్యా? ఇన్ని అంగీలు కుట్టింది. ఒకటి తీసి తొడిగేద్దామంటే అవి వేరేవాళ్ళవి. అమ్మకి ఇష్టం ఉండదు. ఊరికే చీర కట్టేద్దామా?" ఆ పిల్లకీ యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. అయినా ఆ క్షణాన నా వైపు చూసిన చూపు, వాళ్ళ నాన్న పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లదే.

"పది నిమిషాలు ఆగమ్మా," అని ఇంటికి వెళ్ళాను. పెట్టె తెరిచి నా తెల్లంగీ తీశాను. యాభై నాలుగేళ్ళ గుడ్డ, పసుపుపచ్చగా తిరిగింది. అంచు చుట్టూ ఆరు చోట్ల తుప్పు మరకలు, ఆ వాషర్లవి. జానెడు మడత అలాగే ఉంది. అక్క అనుకున్నంత పొడుగు నేను అవలేదు.

తెచ్చి మేనకోడలి చేతుల్లో పెట్టాను. విప్పి చూసింది. తల్లి కుట్టు ఆ పిల్లకి ఎక్కడున్నా తెలుస్తుంది. "ఇది నీది కదా మామయ్యా," అంది.

"మీ అమ్మ కుట్టిందే. తొడుగు."

తొడిగారు. ఎవరో కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. అక్క చివర్లో బాగా చిక్కిపోయింది. మేనకోడలు అంచు తడిమి చూసి, "ఈ ఇనప బిళ్ళలు తీసేయనా?" అని అడిగింది. వద్దన్నాను.

పాస్టరుగారు ఇదంతా చూస్తూ నిలబడ్డారు. మంచివాడు, బాధగా అన్నారు, "సెక్రటరీగారూ, మీ ప్రేమ అర్థమైంది. కానీ నియమం ప్రకారం ఈ అంగీ బాప్తిస్మం పొందినవాళ్ళకే కదా. పైగా ఎవరిది వాళ్ళకే. రేపు మీ సమయం వచ్చినప్పుడు మీకేం తొడుగుతాం?"

"నాకు ఇంకా బాప్తిస్మం కాలేదు పాస్టరుగారూ," అన్నాను. "తడిశానంతే." అక్కడే, అందరి ముందూ, వేసవి కూడికల సంగతి చెప్పాను. సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివారు. చదవడం అయ్యాక అక్క పాదాల దగ్గర మోకరించారు.

పెద్దలు సమావేశమయ్యారు. మూడో గడి ఉంచాలా తీసేయాలా తేల్చడానికి ఒక కమిటీ వేశారు. మూడు నెలల్లో నివేదిక ఇస్తారట. అక్క ఉంటే పడీ పడీ నవ్వేది. రిజిస్టరులో నా పేరు ఎదురుగా ఉన్న తేదీలు రెండూ నేనే కొట్టేసి, తాళంచెవులు బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆ ఆదివారమే, నేను అక్కకి మాటిచ్చిన ఆదివారం, మందిరానికి వెళ్ళి చివరి బెంచీలో గోడవారగా కూర్చున్నాను. అక్కడినుంచి బల్ల చాలా దూరంగా కనబడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నా స్థానంలో కొత్తాయన పళ్ళెం పట్టుకుని ఒక్కో బెంచీ దాటుతూ వచ్చాడు. కుడి చెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను. ఆయన మా ముందు బెంచీ దాకా వచ్చాడు, నన్ను చూశాడు, ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత, నేను నేర్పినట్టే, వెనక్కి తిరిగాడు.